డ్రైవింగ్ వీడియోగేములు: పేటెంట్ అప్పీళ్లు

డ్రైవింగ్ వీడియోగేముల మీద వచ్చే పేటెంట్ అప్పీళ్లు చాలావరకు ఒకే ప్రశ్న దగ్గరికి చేరతాయి: దరఖాస్తుదారు కనిపెట్టింది యంత్రం పనిచేసే పద్ధతా, ఆట ఆడే పద్ధతా? స్టీరింగ్ తిప్పిన కోణాన్ని తెరమీది కారు కదలికగా మార్చడం, ఏ వైపునుంచి చూపాలో కెమెరాను నిర్ణయించడం, కనబడని గమ్యానికి దారి చూపడం, డిస్కులోని రహదారిని సమయానికి మెమరీలోకి తేవడం, గుంతలో పడ్డ కుదుపును చేతికి తెలిసేలా చేయడం వంటి పనుల మీద 1980ల చివరినుంచి వరసగా పేటెంట్లు వచ్చాయి. పేటెంటు కార్యాలయం దరఖాస్తును తిరస్కరిస్తే దరఖాస్తుదారు అప్పీలుకు వెళతాడు. పేటెంటు ఇచ్చాక దాన్ని ఉల్లంఘించారని కోర్టులో తేలితే ఓడిన కంపెనీ వెళుతుంది. రెండు దారుల్లోనూ గేము ఎంత బాగుంది, ఎంత అమ్ముడుపోయింది అన్నది దాదాపు లెక్కలోకి రాదు. క్లెయిము, అంటే తనకు ఏ హక్కు కావాలో దరఖాస్తుదారు రాసుకున్న వాక్యం, దాని మీదే విచారణ అంతా నడుస్తుంది.

గేము లోపలి లెక్క

తెరమీది బొమ్మ సెకనుకు 60 సార్లు మారే గేములో ఒక్కో బొమ్మకు దొరికే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆ లోపల ప్రాసెసర్ స్టీరింగ్, యాక్సిలరేటర్, బ్రేకు ఎక్కడ ఉన్నాయో చదవాలి. నాలుగు టైర్ల మీద పడే బలాలు, వాటివల్ల కారు ఎటు జరుగుతుందో లెక్కకట్టాలి. కంప్యూటరు నడిపే మిగతా కార్లను కదపాలి. ఢీకొన్నవేవో తేల్చి, కెమెరాను సర్ది, దృశ్యం గీసి, ఇంజను శబ్దం మార్చి, స్టీరింగుకు ఎదురుబలం పంపాలి. బొమ్మ మారే వేగం చక్రాల లెక్కకు చాలదని చాలా గేములు భౌతిక శాస్త్రపు లెక్కను ఇంకా వేగంగా నడుపుతాయి. ఫోర్జా మోటర్‌స్పోర్ట్ 3 గేము సెకనుకు 360 సార్లు లెక్క వేస్తుందని తయారీదారులు ప్రకటించారు.

వీటిలో టైరు లెక్కే కష్టమైనది. చక్రం చూసే దిశకూ అది నిజంగా జారుకుంటూ పోయే దిశకూ మధ్య కోణం పెరిగేకొద్దీ పక్కబలం పెరిగి, ఒక హద్దు దాటాక తగ్గుతుంది. ఈ వంపును ఒకే సూత్రంలో ఇమిడ్చిన పద్ధతి నెదర్లాండ్స్ లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన హాన్స్ పచెయ్‌కా పేరుతో 1980ల చివర ప్రచారంలోకి వచ్చింది. నిజమైన కార్ల రూపకల్పనకు పుట్టిన ఈ సూత్రాన్నే సిమ్యులేటర్ తరహా గేములు వాడుకున్నాయి. ఆర్కేడ్ తరహా గేములు మాత్రం కావాలనే భౌతిక శాస్త్రాన్ని వంచుతాయి. నిజం కారు తిరగబడే మలుపులో వాటి కారు అందంగా జారి బయటపడుతుంది. పేటెంటు చట్టానికి ఈ తేడా చిక్కు తెచ్చింది. నిజానికి దగ్గరగా ఉన్న లెక్క సాంకేతికంగా కనిపిస్తుంది, వంచిన లెక్క ఆట నియమంలా కనిపిస్తుంది. కానీ ప్రాసెసర్ చేసే పని రెండింటిలోనూ ఒకటే. ఈ కనిపించడాన్నే పట్టుకుని తీర్పు చెప్పకూడదన్న గ్రహింపు అప్పీలు బోర్డులకు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

తొలి పేటెంట్లు

అటారీ 1974లో తెచ్చిన గ్రాన్ ట్రాక్ 10 లో స్టీరింగ్, పెడల్స్, గేరు ఉన్నా రోడ్డు పైనుంచి చూసిన చుక్కల వరసే. 1976 నాటి నైట్ డ్రైవర్ లో చీకటి, దారికి రెండు పక్కలా తెల్లటి గుర్తులు తప్ప మరేమీ ఉండవు. అప్పటి చిప్పులకు అంతకుమించి గీసే శక్తి లేదు కాబట్టి రాత్రిని ఎంచుకోవడం తెలివైన పని. నామ్కో 1982లో తెచ్చిన పోల్ పొజిషన్ కారు వెనకనుంచి చూపే దృశ్యాన్ని స్థిరపరిచింది.

పేటెంట్ల చరిత్రకు అసలు మలుపు అటారీ గేమ్స్ సంస్థ 1989లో విడుదల చేసిన హార్డ్ డ్రైవిన్. త్రిమాణ పాలిగన్లతో గీసిన రోడ్డు, క్లచ్, తాళంచెవి, చేతికి ఎదురు తిరిగే స్టీరింగ్ ఉన్న ఈ యంత్రం ఆటకన్నా డ్రైవింగ్ బడికి దగ్గరగా ఉండేది. నిజమైన గేరు పెట్టెలా చేతికి బలం తెలిసే గేరు కడ్డీకి 1990లో, స్టీరింగ్ ఎదురుబలానికి 1991లో సంస్థకు అమెరికా పేటెంట్లు వచ్చాయి. 1993లో వచ్చిన మరో పేటెంటు డ్రైవరు శిక్షణ పేరుతో ఉంది. ముందు నడిపిన దారిని దాచి, అదే దారిలో మళ్లీ నడిపేటప్పుడు పోలిక చూపడం దాని సారం. తర్వాతి గేముల్లో అందరూ ఎరిగిన ఘోస్ట్ కారుకు ఇది చుట్టమే. దరఖాస్తులో ఆట అన్న మాటను వెనక్కి నెట్టి శిక్షణ అన్న మాటను ముందుకు తేవడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. శిక్షణ యంత్రం పరికరంలా వినిపిస్తుంది.

ప్రాసెసింగ్ దృష్ట్యా ఇంకా ఆసక్తికరమైనది నామ్కో పేటెంటు. 1994 డిసెంబరులో జపాన్ లో సోనీ ప్లేస్టేషన్ తో పాటే వచ్చిన రిడ్జ్ రేసర్, డిస్కునుంచి లోడయ్యేలోపు ఆడుకోవడానికి గెలాక్సియన్ అనే పాత గేమును చూపేది. సీడీ నెమ్మది, ఆటగాడికి ఓపిక తక్కువ. ముందు చిన్న ప్రోగ్రామును ఎక్కించి, అది నడుస్తుండగా వెనకాల పెద్ద ప్రోగ్రామును లోడు చేయడమే కిటుకు. దీనికి 1995 నవంబరు 27న అమెరికాలో దరఖాస్తు పడింది, 1998 ఫిబ్రవరి 17న 5,718,632 సంఖ్యతో పేటెంటు వచ్చింది, 2015 నవంబరు 27న గడువు తీరింది. అయితే కామడోర్ 64 కంప్యూటర్లలో క్యాసెట్ టేపు తిరుగుతున్నంతసేపు ఆడుకునే ఇన్వేడ్-ఎ-లోడ్ అనే ప్రోగ్రాము 1987 నాటికే ఉంది. ఇలా దరఖాస్తుకు ముందే బయట ఉన్న పరిజ్ఞానం పేటెంటుకు ప్రధాన శత్రువు. ఎవరో ఒకరు గట్టిగా సవాలు చేసి ఉంటే అప్పీలుదాకా సాగదగిన కేసు ఇది. ఆ పేటెంటు నిండు ఆయుష్షు గడిపి పోయింది.

సెగా కథ వేరు. 1999 నాటి క్రేజీ టాక్సీ ఆర్కేడ్ గేములో ప్రయాణికుడు దిగాల్సిన చోటు తెరమీద కనబడకపోయినా, పైన తేలే బాణం ఆ దిక్కు చూపుతుంది. కారు మీదికి వస్తే దారిలోని మనుషులు పక్కకు దూకుతారు. ఇటువంటి అంశాలతో 2001 మార్చిలో సెగాకు 6,200,138 సంఖ్య గల అమెరికా పేటెంటు వచ్చింది. అదే ఏడాది వచ్చిన ద సింప్సన్స్: రోడ్ రేజ్ తన గేముకు నకలని ఆరోపిస్తూ ఫాక్స్, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, గేము తయారుచేసిన రాడికల్ సంస్థల మీద సెగా 2003లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దావా వేసింది. పోలిక మామూలు ఆటగాడికి కూడా తెలిసేంత స్పష్టం. కానీ షరతులు బయటపెట్టని రాజీతో దావా ముగిసింది, కాబట్టి దారి చూపే బాణం మీద అమెరికా అప్పీలు కోర్టు మాట ఏమిటో తేలలేదు. దానికి దగ్గరి ప్రశ్నకు జవాబు ఐరోపాలో దొరికింది.

ఐరోపా అప్పీలు బోర్డులు

ఐరోపా పేటెంట్ ఒప్పందం 52వ అధికరణం ఆటల పథకాలను, నియమాలను, కంప్యూటరు ప్రోగ్రాములను, సమాచార ప్రదర్శనను ఆవిష్కరణల జాబితానుంచి తీసేసింది. వెంటనే, ఈ నిషేధం వాటికి వాటిగా మాత్రమే వర్తిస్తుందన్న షరతు పెట్టింది. ఆ చిన్న షరతు మీద నలభై ఏళ్లకు పైగా తీర్పులు పేరుకున్నాయి. తిరస్కరణ అందిన 2 నెలల్లో అప్పీలు నోటీసు, రుసుము, 4 నెలల్లో కారణాల పత్రం ఇవ్వాలి. తిరస్కరించిన విభాగమే తప్పు ఒప్పుకుని సరిదిద్దుకోకపోతే ఫైలు బోర్డుకు చేరుతుంది. బోర్డు దరఖాస్తును అంగీకరించమని ఆదేశించవచ్చు, కొట్టేయవచ్చు, కొత్త పరిశీలనకు వెనక్కి పంపవచ్చు. 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న విధాన నియమాలు అప్పీలు దశలో కొత్త క్లెయిములు తేవడాన్ని బాగా బిగించాయి. కింద తేల్చుకోని వాదనను పైన మొదలుపెట్టే అలవాటు ఉన్నవారికి ఇది ఇబ్బందే.

బోర్డులు వాడే కొలబద్ద 2002 సెప్టెంబరు నాటి టి 641/00 తీర్పునుంచి వచ్చింది. కామ్‌విక్ అనే సంస్థకు చెందిన ఆ కేసు మొబైల్ సిమ్ కార్డుది, గేముది కాదు. క్లెయిములో సాంకేతికమైనవీ కానివీ కలిసి ఉండవచ్చు, కానీ సాంకేతిక ఫలితానికి తోడ్పడే అంశాలే ఆవిష్కరణకు బలమిస్తాయి. మిగతావి ఇంజనీరుకు యజమాని ఇచ్చిన కోరికల పత్రంలోకి వెళతాయి. గోడకు తగిలితే పాయింట్లు తగ్గాలి అన్నది అటువంటి కోరిక. దాన్ని ప్రోగ్రాముగా రాయడం ఏ గేము ప్రోగ్రామరుకైనా తెలిసిన పని కాబట్టి క్లెయిము అక్కడే కూలుతుంది.

దారి చూపే బాణానికి దగ్గరైన కేసు టి 928/03. అప్పీలుదారు కొనామి, తీర్పు తేదీ 2006 జూన్ 2, గేము ఫుట్‌బాల్. ఆటగాడు నడిపే క్రీడాకారుడు పెద్దగా కనబడాలి, అంటే మైదానంలో కొంతే తెరమీదికి వస్తుంది. కానీ బంతి అందించాల్సిన సహచరుడు తెరకు బయట ఉండవచ్చు. అలాంటప్పుడు తెర అంచున ఒక గుర్తు వెలిగి అతను ఏ దిక్కున ఉన్నాడో చూపుతుంది. ఇది వట్టి సమాచార ప్రదర్శన అన్న అభ్యంతరాన్ని బోర్డు ఒప్పుకోలేదు. బొమ్మలో ఒక భాగాన్ని పెద్దదిగా చూపడం, తెరకన్నా విశాలమైన ప్రాంతం గురించి తెలియజేయడం అన్నవి ఒకదానికొకటి అడ్డుపడే రెండు అవసరాలని, వాటి మధ్య దారి కనుక్కోవడం సాంకేతిక సమస్యేనని తేల్చింది. ఆ గుర్తును చూసి నిర్ణయం తీసుకునేది ఆటగాడి బుర్రే అయినా, అందువల్ల గుర్తు సాంకేతికత కోల్పోదని కూడా చెప్పింది. ఫుట్‌బాల్ మైదానం స్థానంలో నగర వీధులను పెడితే క్రేజీ టాక్సీ బాణం కనిపిస్తుంది. అయితే గాలిలో తేలే బాణం అన్న ఊహకు పేటెంటు దొరుకుతుందని దీని అర్థం కాదు. తెర హద్దు తెచ్చిన ఇబ్బందిని క్లెయిము పేరు పెట్టి చెప్పాలి. చెప్పకపోతే బాణం బొమ్మగానే మిగులుతుంది.

తర్వాతి తీర్పులు తలుపును కొంత మూశాయి. ఐజీటీ సంస్థ పోకర్ యంత్రం మీద వచ్చిన టి 336/07 (2007) ఆట నియమాలను ఆటగాళ్ల నడవడికి కట్టుబాటుగా నిర్వచించి, మినహాయించిన విషయాన్ని యంత్రంతో అమలు చేసినంత మాత్రాన ఆవిష్కరణ కాదంది. నింటెండో గెలిచిన టి 12/08 (2009) రెండో వైపు నిలిచింది. గడియారం సమయాన్ని బట్టి ఏ పాత్రలు ఎదురుపడాలో యంత్రం తనలో తాను నిర్ణయించుకుంటే, ఆటగాడికి కనబడని ఆ పనిని ఆట నియమం అనలేమని బోర్డు భావించింది. 2015లో వచ్చిన టి 336/14 సమాచార ప్రదర్శనకు ఇంకో గీటు గీసింది: నిరంతరం సాగే మార్గదర్శకత్వంతో వాడుకరి ఏదైనా సాంకేతిక పనిని చేయడానికి ప్రదర్శన నమ్మదగ్గ సాయం చేయాలి. డ్రైవింగ్ గేములకు ఇది గడ్డు ప్రశ్న. బ్రేకు వేయాల్సిన చోట ఎర్రగా మారే రోడ్డు గీత నిజం కారులో ఉంటే డ్రైవరుకు సాంకేతిక సాయమే, గేములో ఉంటే ఆడటానికి సాయం. ఒకే గీతకు రెండు విలువలు రావడం వింతగా తోచినా, ఈ తర్కంలో అది తప్పదు.

భౌతిక శాస్త్రపు లెక్కల సంగతిని 2021 మార్చి 10న, ఈ అప్పీలు బోర్డులకు పైనుండే విస్తృత బోర్డు జి 1/19 నిర్ణయంలో చూసింది. భవనంలో పాదచారులు ఎలా కదులుతారో కంప్యూటరులో నడిపి చూసే పద్ధతి మీద వచ్చిన కేసు అది. అనుకరణలకు ప్రత్యేక నియమం లేదని, కామ్‌విక్ కొలబద్దే చాలని, అనుకరిస్తున్న వస్తువు సాంకేతికమైనదైనంత మాత్రాన అనుకరణ సాంకేతికం కాదని నిర్ణయం. దీన్ని డ్రైవింగ్ గేములకు అన్వయిస్తే, టైరు సూత్రం ఎంత సూక్ష్మమైనా ఆ సూక్ష్మతే పేటెంటు తెచ్చిపెట్టదు. అదే లెక్కను తక్కువ మెమరీలో ముగించే అమరిక, కారు వేగాన్ని బట్టి రాబోయే రోడ్డును ముందే తెచ్చిపెట్టుకుని బొమ్మ ఆగకుండా చూసే పద్ధతి, లెక్కలో వచ్చిన బలాన్ని మోటారు ద్వారా స్టీరింగుకు చేర్చడం వంటివి చాలా మెరుగైన స్థితిలో ఉంటాయి.

అమెరికా

అమెరికాలో ఎగ్జామినర్ రెండుసార్లు కాదన్న క్లెయిములను పేటెంట్ విచారణ, అప్పీలు బోర్డు ముందుకు తీసుకుపోవచ్చు. ఆ పేరుతో బోర్డు 2012 సెప్టెంబరు 16న ఏర్పడింది. అక్కడ ఓడితే వాషింగ్టన్ లోని ఫెడరల్ సర్క్యూట్ కోర్టు ఉంది. చట్టపరమైన ప్రశ్నలను ఆ కోర్టు మొదటినుంచి చూస్తుంది, వాస్తవాల విషయంలో బోర్డు చెప్పినదానికి తగినంత ఆధారం ఉందా అని మాత్రమే చూస్తుంది. పాత పేటెంటులో ఫలానా అంశం ఉందా లేదా అన్నది వాస్తవ ప్రశ్న కాబట్టి, దాని మీద బోర్డు దగ్గర ఓడినవారికి పైకోర్టులో ఆశ తక్కువ.

పాతవాటిని కలిపితే సహజంగా తోచేదే అన్న కారణం మీద అమెరికా సుప్రీంకోర్టు 2007 ఏప్రిల్ 30న కేఎస్ఆర్, టెలిఫ్లెక్స్ కేసులో ఇచ్చిన తీర్పు నేటికీ ఆధారం. ఆ కేసు వస్తువు ఎలక్ట్రానిక్ సెన్సరు తగిలించిన నిజం కారు యాక్సిలరేటర్ పెడల్ కావడం డ్రైవింగ్ గేముల చరిత్రకు తమాషా పొరుగు. అదే సుప్రీంకోర్టు 2014 జూన్ లో ఇచ్చిన ఆలిస్ తీర్పు తర్వాత నైరూప్య భావనను కంప్యూటరు మీద నడపడం అన్న అభ్యంతరం సాఫ్ట్‌వేర్ దరఖాస్తులను ముంచెత్తింది. దానికి ఎదురు నిలిచిన కేసుల్లో ఒకటి గేములదే. పాత్రల పెదవులను మాటలకు తగ్గట్టు కదిపే మాక్రో సంస్థ పేటెంట్లు వట్టి నైరూప్య భావన కాదని ఫెడరల్ సర్క్యూట్ 2016 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. ప్రతివాదుల్లో రిడ్జ్ రేసర్ నామ్కో వారసురాలు బందాయ్ నామ్కో ఉంది. తమాషా ఏమంటే, అప్పీలు గెలిచిన మాక్రో కేసు గెలవలేదు. గేములు ఆ పేటెంటును ఉల్లంఘించలేదన్న కింది కోర్టు నిర్ణయాన్ని అదే ఫెడరల్ సర్క్యూట్ 2020లో సమర్థించింది.

డబ్బు దృష్ట్యా పెద్ద కథ చేతికి తెలిసే కుదుపుది. రోడ్డు అంచుకు చక్రం తగిలితే కంట్రోలర్ వణకడం డ్రైవింగ్ గేములకు ప్రాణం. స్పర్శ సాంకేతికతలో పేటెంట్లున్న ఇమ్మర్షన్ సంస్థ 2002లో సోనీ, మైక్రోసాఫ్ట్ ల మీద దావా వేసింది. మైక్రోసాఫ్ట్ 2003లో 2.6 కోట్ల డాలర్లతో రాజీ పడింది. సోనీ పోరాడింది. 2004 సెప్టెంబరులో జ్యూరీ 8.2 కోట్ల డాలర్లు కట్టమంది, మరుసటి మార్చిలో కోర్టు దాన్ని 9.07 కోట్లకు పెంచి ప్లేస్టేషన్ అమ్మకాల మీద నిషేధం కూడా విధించింది. అప్పీలు తేలేదాకా నిషేధం అమలు ఆగింది. ఆ అప్పీలు నడుస్తున్న కాలంలోనే, 2006 నవంబరులో, ప్లేస్టేషన్ 3 వణుకు లేని కంట్రోలర్ తో వచ్చింది. కదలికను పసిగట్టే సెన్సర్లకు వణుకు అడ్డమని సోనీ వివరణ, దాన్ని నమ్మినవారు తక్కువ. 2007 మార్చిలో సోనీ అప్పీలు వదులుకుని మొత్తం 15.03 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. అదే ఏడాది చివర వణికే కంట్రోలర్ మళ్లీ వచ్చింది. అప్పీలు చేయడం వల్ల కాలం దొరుకుతుంది, కానీ ఆ కాలానికి ధర ఎంతో ఈ అంకెలు చూపుతాయి.

జపాన్, భారత్

జపాన్ లో 2005 ఏప్రిల్ లో ఏర్పడిన మేధోసంపత్తి హైకోర్టు ఈ అప్పీళ్లకు చిరునామా. కోయెయ్ టెక్మో మీద కాప్‌కామ్ వేసిన కేసులో ఒసాకా జిల్లా కోర్టు 2017లో సుమారు 51.7 లక్షల యెన్లే ఇప్పించింది. పాత గేము డిస్కును కొత్తదానితో కలిపి అదనపు భాగం తెరిచే పేటెంటు చెల్లదన్న అభిప్రాయాన్ని 2019లో హైకోర్టు తిప్పేయడంతో మొత్తం దాదాపు 14.38 కోట్ల యెన్లకు చేరింది. ఇందులో డ్రైవింగ్ లేకపోయినా, గేము డేటాను ఎప్పుడు ఎక్కడినుంచి తెచ్చుకోవాలన్న ప్రశ్న రిడ్జ్ రేసర్ నాటిదే.

భారత పేటెంట్ల చట్టం ఆటల విషయంలో మాటలు నాన్చలేదు. సెక్షన్ 3(ఎమ్) ఆట ఆడే పద్ధతిని, 3(ఎన్) సమాచార ప్రదర్శనను, 3(కె) అల్గారిథమ్‌లను, కేవలం కంప్యూటరు ప్రోగ్రాము అయినదాన్ని మినహాయిస్తాయి. ఫెరిద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు 2019 డిసెంబరులో, సాంకేతిక ఫలితం చూపే కంప్యూటరు ఆవిష్కరణలను ఆ కేవలం అన్న మాటతో కొట్టేయకూడదని చెప్పింది. డ్రైవింగ్ గేము దరఖాస్తుకు 3(ఎమ్) అడ్డు దాటినా 3(కె) మిగిలే ఉంటుంది. రెండింటికీ జవాబు ఒకే క్లెయిములో ఇమడాలి.

అప్పీళ్లు వినే మేధోసంపత్తి అప్పిలేట్ బోర్డు 2021 ఏప్రిల్ లో రద్దయి, పని హైకోర్టులకు మారింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంట్ కార్యాలయం పరిధిలోవి. హైదరాబాద్ గేము స్టూడియో దరఖాస్తును అక్కడ తిరస్కరిస్తే, సెక్షన్ 117ఎ కింద 3 నెలల్లోగా మద్రాసు హైకోర్టుకు వెళ్లాలి.